విత్తనం కాదు, అదే మొక్క

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినపడుతోందా? సరే, మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను.

ఈ బల్ల మీద మూడు వస్తువులు తెచ్చిపెట్టాను. ఒకటి వెల్లుల్లి పాయ, బాగా పెద్దది. రెండోది చిన్న ఉల్లిపాయల గుత్తి. ఒకే కుదురులోంచి వచ్చినవి, ఏడు గడ్డలు, ఇంకా విడదీయలేదు. మూడోది మూత బిగించిన ఈ గాజు సీసా. ఇందులో ఏముందో తర్వాత చెబుతాను, ఈలోగా దయచేసి ఎవరూ తెరవకండి.

ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి, "వెల్లుల్లి విత్తనాలు వచ్చే ఏడాదికి ఎలా దాచుకోవాలండీ?" అని అడిగారు. "వెల్లుల్లికి గింజలు ఎక్కడున్నాయండీ?" అన్నాను. ఆయన నవ్వి, "అదేనండీ, రెబ్బలే" అన్నారు. మాటవరసకి అందరం విత్తనం అనే అంటాం. నేనూ ఈ గంటసేపూ అలాగే అంటాను. కానీ ఆ మాట మనల్ని కాస్త తప్పుదారి పట్టిస్తుంది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

టమాటా గింజ దాచారనుకోండి, అది కొత్త మొక్క. తల్లి మొక్కకి ఉన్న తెగుళ్ళలో చాలావరకు గింజలోకి రావు. వెల్లుల్లి రెబ్బ అలా కాదు. అది తల్లి మొక్కలోంచి విరిచిన ముక్క. మనం పండించే వెల్లుల్లి రకాలు దాదాపుగా గింజ కట్టవు. 1980ల్లో మధ్య ఆసియాలో గింజ కట్టే వెల్లుల్లి దొరికాక పరిశోధకులు వాటితో పని మొదలుపెట్టారు గానీ, మన మడుల్లో ఉన్నది మాత్రం రెబ్బ నుంచి రెబ్బకి నడిచి వచ్చిందే. ఈజిప్టులో టూటన్‌ఖామన్ సమాధిని 1922లో తెరిచినప్పుడు లోపల వెల్లుల్లి పాయలు కనిపించాయి. మూడు వేల ఏళ్ళు దాటిన పాయలవి. అప్పుడు నాటినవాళ్ళు చేసిన పనీ ఇదే: పాయ విడదీయడం, రెబ్బ గుచ్చడం. ఒకే మొక్క, చేతులు మారుతూ.

మరి ఇందులో ఇబ్బంది ఏమిటి? ఆ మొక్కకి పట్టిన జబ్బు కూడా దాంతోపాటే నడిచి వస్తుంది. ముఖ్యంగా వైరస్‌లు. పేనుబంక ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలుతుంది, వైరస్ ఎక్కుతుంది. ఆ పాయలో ఉన్న ప్రతి రెబ్బలోకీ అది చేరిపోతుంది. వచ్చే ఏడాది పది రెబ్బలు నాటితే పది రోగిష్టి మొక్కలు. మొక్క చావదు. ఆకుల మీద పొడుగ్గా పసుపు చారలు వస్తాయి, కాస్త గిడసబారినట్టు ఉంటుంది, పాయ ప్రతి ఏడూ కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంది. మనం మట్టిని తిట్టుకుంటాం, ఎరువు చాల్లేదనుకుంటాం. చిన్న ఉల్లికీ ఇదే కథ. దానికి పూలు పూసి గింజ కట్టే శక్తి ఉంది, గింజ నుంచి పెంచే రకాలు కూడా వచ్చాయి. అయినా గడ్డ నాటి గడ్డ తీసుకున్నంతకాలం అదీ అదే మొక్క.

కాబట్టి నాకు తెలిసినంతలో, విత్తనం దాచుకోవడంలో దాచే పని తక్కువ, ఏరి పక్కకి తీసేసే పనే ఎక్కువ. ఆ ఏరడం కోత అయ్యాక మొదలుపెడితే సగం ఆలస్యమైనట్టే. తవ్వి, ఆకులు కోసి, బుట్టలో పోశాక పాయలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏది చారల మొక్కదో, ఏది నిగనిగలాడిన మొక్కదో చెప్పలేం. అందుకే ఆకులు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే మడిలో తిరగండి. బలంగా, నిటారుగా, చారలు లేకుండా ఉన్న మొక్కల పక్కన చిన్న పుల్ల గుచ్చండి. విత్తనం ఆ పుల్లలున్న చోటునుంచే తీస్తారన్నమాట. మరీ పసుపు చారలు పట్టి ముడుచుకుపోయినవాటిని అప్పుడే పీకేయండి, పక్కవాటికి అంటించకుండా.

ప్రయోగశాలల్లో మొలక కొసన ఉండే అతి చిన్న కణజాలాన్ని తీసి పెంచి, వైరస్ లేని మొక్కల్ని తయారుచేస్తారు. అలాంటి ధ్రువీకరించిన గడ్డలు దొరికితే కొన్నేళ్ళకోసారి కొత్తవి తెచ్చుకోవడం మంచిదే. అయితే అవి కూడా పొలంలోకి వచ్చాక పేనుబంక పుణ్యమా అని నెమ్మదిగా మళ్ళీ వైరస్ తెచ్చుకుంటాయి.

ఇప్పుడు తవ్వే వేళ. ఇక్కడ కంగారు పడేవాళ్ళు ఉన్నారు, బద్ధకించేవాళ్ళు ఉన్నారు. నేను రెండో బాపతు. వెల్లుల్లి విషయంలో ఆ బద్ధకం పనికిరాదు. పైన కనిపించే ఒక్కో ఆకు, కింద పాయ చుట్టూ ఒక్కో పొరగా ఉంటుంది. కింది ఆకు ఎండితే దాని పొర కూడా పలచబడుతుంది. ఆకులన్నీ ఎండేదాకా ఆగితే పొరలు చిట్లిపోయి రెబ్బలు విడిపోతాయి. అలాంటి పాయ నిలవ ఉండదు, మట్టి లోపలికి చేరుతుంది, బూజు పడుతుంది. కింది నుంచి మూడో వంతు ఆకులు, మహా అయితే సగం ఎండగానే ఒక పాయ తవ్వి చూడండి. రెబ్బలు నిండుగా ఉబ్బి, పొర బిగువుగా ఉంటే మిగతావీ తీసేయొచ్చు. తవ్వడానికి ఒకటి రెండు వారాల ముందే నీళ్ళు ఆపేయాలి. ఆకు పట్టుకుని లాగకండి, మెడ దగ్గర తెగుతుంది. కింద నుంచి మట్టి వదులు చేసి ఎత్తండి. విత్తనానికి అనుకున్న పాయని కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోవాలి. కమిలిన చోటే ముందు కుళ్ళు మొదలవుతుంది.

చిన్న ఉల్లి కొంచెం దయగలది. ఆకులు పసుపెక్కి వాటంతటవే పడిపోయేదాకా ఆగవచ్చు. పూల కాడ వేసిన కుదుర్లుంటే వాటిని వేరే పెట్టండి. మెడ లావుగా, గట్టిగా అయిపోతుంది కనక సరిగ్గా ఆరదు, ఎక్కువ కాలం నిలవదు. వాటిని ముందు వంటకి వాడేయడమే.

తవ్వాక కడగకూడదు. ఎంతమందికి చెప్పినా ఎవరో ఒకరు కడుగుతారు! శుభ్రంగా ఉండాలని మనసు కొట్టుకుంటుంది, నాకు తెలుసు. మట్టి ఎండాక అదే రాలిపోతుంది. ఆకులు కోయకుండా అలాగే, నీడలో, గాలాడే చోట, ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి, లేదా కట్టలు కట్టి వేలాడదీయండి. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఎండలో పెడితే త్వరగా ఆరుతాయి కదా అనిపిస్తుంది. మండుటెండకి వెల్లుల్లి లోపల ఉడికినట్టయి మెత్తబడుతుంది. ఆరిందని ఎలా తెలుస్తుందంటే, మెడని కోసి చూస్తే తడి ఉండకూడదు, పొట్టు చేతికి గలగలమనాలి. అప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల మెడ వదిలి కోయండి, వేళ్ళు కత్తిరించండి. మెడ పచ్చిగా ఉండగా కోస్తే బూజుకి తలుపు తీసి పిలిచినట్టే.

ఇక ఏ సైజు దాచాలి? ఈ రెండు పంటల్లో జనం ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే రెండింటికీ సమాధానం ఒకటి కాదు.

వెల్లుల్లిలో అతి పెద్ద పాయలు, వాటిలో అతి పెద్ద రెబ్బలు. మొలక వచ్చి వేళ్ళు నిలదొక్కుకునేదాకా మొక్క బతికేది రెబ్బలో ఉన్న తిండి మీదే. పెద్ద రెబ్బకి తిండి ఎక్కువ, మొదట్లోనే ఆకు బలంగా వస్తుంది, చివరికి పాయ పెద్దదవుతుంది. మనందరం చేసేది మాత్రం ఇందుకు సరిగ్గా ఎదురు. పెద్ద పాయలు ఒలవడం తేలిక కదా, అవన్నీ ముందు వంటింట్లోకి పోతాయి. చివరికి బుట్ట అడుగున మిగిలిన గోలీల్లాంటివి విత్తనం అవుతాయి. అలా నాలుగేళ్ళు చేసి "మా వెల్లుల్లి జాతి చెడిపోయిందండీ" అంటారు. నేనూ అన్నాను, ఒకప్పుడు.

చిన్న ఉల్లిలో అలా కాదు. మధ్య సైజు గడ్డలు, అడ్డంగా కొలిస్తే రెండు మూడు సెంటీమీటర్లవి, విత్తనానికి బాగుంటాయి. ఇదిగో, ఈ గుత్తిలో అన్నిటికన్నా లావుగా ఉన్నదాన్ని అడ్డంగా కోస్తున్నాను. ముందు వరుసవాళ్ళకి కనిపిస్తోందా? లోపల ఒక్క కేంద్రం కాదు, మూడు నాలుగు ఉన్నాయి. ఒక్కో కేంద్రం వచ్చే ఏడాది ఒక్కో పిలక. లావు గడ్డ నాటితే పిలకలు ఎక్కువ, గుత్తిలో ఇరుకు ఎక్కువ, గడ్డలు చిన్నవి. కాస్త చిన్నది నాటితే గడ్డలు తక్కువ వస్తాయి గానీ లావుగా వస్తాయి. అంటే లావు గడ్డ తినేయొచ్చు, ఏ పశ్చాత్తాపమూ అక్కర్లేదు. (నవ్వులు)

ఎన్ని దాచాలో కాగితం మీద లెక్క వేసుకోండి, అంచనాగా వద్దు. నలభై వెల్లుల్లి మొక్కలు కావాలనుకుందాం. మీ రకంలో పాయకి పది రెబ్బలు ఉంటే, మధ్యలో ఇరుక్కున్న సన్నవి మూడు తీసేయండి, నాటడానికి ఏడు. ఆరు పాయలకి నలభై రెండు. నిలవలో ఒకటి రెండు పోతాయి కాబట్టి ఎనిమిది దాచండి. చిన్న ఉల్లిలో గడ్డని విడదీయం కదా, గడ్డకి ఒక మొక్క. నలభై మొక్కలకి నలభై గడ్డలు, పోయేవాటికి మరో పది. కుదురుకి అయిదారు గడ్డలు వచ్చాయనుకుంటే, పండినదాంట్లో నాలుగో వంతు దాకా తినకుండా పక్కన పెట్టాలి. చిన్న మడి ఉన్నవాళ్ళకి ఇది మనసొప్పని లెక్కే. కానీ లెక్క అదే.

నిలవ గురించి నా తప్పు ఒకటి చెబుతాను. ఒక ఏడాది ఎండలు బాగా ఉన్నాయని టెన్షన్ పడి, విత్తనం పాయల్ని ఫ్రిజ్‌లో పెట్టాను. చల్లగా, భద్రంగా ఉంటాయి కదా అని. కొన్ని వారాలకే ఆకుపచ్చ మొలకలు బయటికొచ్చాయి. అవే నాటాను. చీపురు కట్టల్లాగా ఒక్కో రెబ్బకి బోలెడన్ని పిలకలు వచ్చాయి, పాయలు అడ్డదిడ్డంగా కట్టాయి. తర్వాత చదివితే తెలిసింది. 5 నుంచి 10 డిగ్రీల మధ్య వెల్లుల్లి నిద్ర తొందరగా తీరుతుంది, మొలక త్వరగా వస్తుంది. విత్తనం పాయల్ని 4 డిగ్రీల కంటే తక్కువలో ఉంచితే ఈ చీపురు పిలకలు, వంకర పాయలు, ముందే ముదిరిపోవడం. 18 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచితే మొలక ఆలస్యం, పంట కూడా ఆలస్యం. విత్తనానికి మంచిదని చెప్పేది సుమారు 10 డిగ్రీలు, గాలిలో తేమ 65 నుంచి 70 శాతం. అక్కడ మొలక వచ్చినా నాటే కాలం దగ్గరపడే వేళకి వస్తుంది కనక పెద్ద ఎత్తున పండించేవాళ్ళు దాన్నే వాడతారు.

ఆ లెక్కలు గిడ్డంగులున్నవాళ్ళకి. ఇంట్లో మనం చేయగలిగింది ఇల్లంతటిలో చల్లగా, పొడిగా, గాలి తగిలే మూల వెతకడం. పొయ్యి పక్కన వద్దు, స్నానాలగది గోడకి ఆనించి వద్దు. వల సంచి, అల్లిన బుట్ట, జాలీ పళ్ళెం, ఏదైనా పర్వాలేదు. ప్లాస్టిక్ కవరు, మూత డబ్బా మాత్రం వద్దు. వేడిగా ఉండే ఇల్లయితే మొలక త్వరగా రాదు గానీ రెబ్బలు ఎండి కుంచించుకుపోతాయి, అందుకే అలాంటి ఇంట్లో మరికొన్ని ఎక్కువ దాచండి. రెండు వారాలకోసారి బుట్టలో చెయ్యి పెట్టి ఒక్కోటీ బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా తగిలింది, తేలికైపోయింది, వాసన తేడాగా ఉంది, బయటికి. ఇంట్లో అందరికీ తెలిసేలా బుట్ట మీద పెద్ద అక్షరాలతో "విత్తనం" అని రాసి కట్టండి. నా అనుభవంలో బూజు కంటే ఆకలి వల్ల పోయిన విత్తనమే ఎక్కువ!

నాటే రోజు వచ్చేదాకా పాయని విడదీయకండి. ఒకరోజు ముందు, మహా అయితే రెండు రోజులు. పొట్టు ఒలవొద్దు. అడుగున వేళ్ళు వచ్చే గట్టి బిళ్ళ విరగకుండా చూడండి, అది లేకపోతే వేళ్ళే రావు. గోధుమ మచ్చలున్నవి, నీలం పచ్చ బూజు పట్టినవి, మెత్తవి నాటొద్దు. ఒకే పొట్టులో రెండు రెబ్బలు అతుక్కుని ఉంటే వంటకి పంపండి. మొన ఉన్న వైపు పైకి, మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల లోతు, మధ్యలో పది పదిహేను సెంటీమీటర్ల దూరం. చిన్న ఉల్లి గడ్డని కొస పైకి కొంచెం కనిపించేలా గుచ్చితే చాలు, దూరం మాత్రం ఇంకాస్త ఎక్కువ ఇవ్వాలి, గుత్తిగా పెరుగుతుంది కదా.

ప్రశ్నలున్నట్టున్నాయి. అడగండి.

(సభలో ఒకరు: దుకాణంలో కొన్న వెల్లుల్లి నాటితే తప్పేంటండీ?)

మొలిస్తే మొలుస్తుంది, ఆకు కోసం కుండీలో పెట్టుకుంటే పర్వాలేదు. తినడానికి అమ్మేవాటికి మొలక రాకుండా కొన్నిసార్లు మందో, వికిరణమో వాడతారు. అదీగాక ఆ రకం ఎక్కడిదో తెలియదు. పాయ కట్టడం పగటి పొడవు మీదా, అంతకుముందు పడిన చలి మీదా ఆధారపడుతుంది. వేరే వాతావరణానికి అలవాటుపడిన రకం మీ దగ్గర పాయ కట్టకపోవచ్చు. జబ్బు సంగతి సరే సరి.

(మరొకరు: మాకు పోయినసారి రెబ్బలు విడకుండా ఒకటే ఉండలా వచ్చింది. దాన్ని పారేయాలా?)

అయ్యో, పారేయకండి. చాలినంత చలి తగలకపోయినా, రెబ్బ మరీ చిన్నదైనా, ఆలస్యంగా నాటినా అలా ఒంటిరెబ్బగా ఆగిపోతుంది. దాన్ని అలాగే ఆరబెట్టి దాచి, వచ్చేసారి రెబ్బలాగే నాటండి. కావలసిన చలి పడితే మామూలు పాయ అవుతుంది. కొన్ని రకాలు మధ్యలో గట్టి కాడ వేసి, పూల మధ్య బుల్లి గడ్డలు కడతాయి. వాటినీ నాటవచ్చు. మట్టి తగలవు కనక మట్టిలోని తెగుళ్ళు తక్కువ, వైరస్ మాత్రం వాటిలోనూ ఉంటుంది. పూర్తి పాయ కావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఓపిక ఉంటే సరదా అయిన పని.

(ఇంకొకరు: వేడినీళ్ళలో ముంచితే జబ్బులు పోతాయంటారు కదా?)

నులిపురుగుల కోసం చేసే పని అది. సుమారు 49 డిగ్రీల నీళ్ళలో ఇరవై నిమిషాలు. అదే వేడి కాసేపు ఎక్కువైనా, రెండు మూడు డిగ్రీలు పెరిగినా రెబ్బే చచ్చిపోతుంది. కచ్చితమైన థర్మామీటరు, వేడి నిలకడగా ఉంచే సాధనం ఉన్నవాళ్ళు చేసుకోవచ్చు. పొయ్యి మీద గిన్నె పెట్టి చేయమని నేను చెప్పను. వైరస్ దానికి పోదు, ఆ ఆశ పెట్టుకోకండి.

సరే, ఇక సీసా. కొన్నేళ్ళ క్రితం తెలిసినవారొకరు ప్రేమగా ఓ పది పాయలు ఇచ్చారు. పైకి ఏ మచ్చా లేదు. నా మంచి మడిలోనే నాటాను. కొన్ని నెలలకి ఆకులు పసుపెక్కి వాలిపోయాయి, పట్టుకుంటే మొక్క వేళ్ళు లేకుండా చేతిలోకి వచ్చేసింది. పాయ అడుగున దూది పరిచినట్టు తెల్లటి బూజు, దాంట్లో గసగసాలంత నల్లటి చుక్కలు. తెల్లకుళ్ళు అంటారు. ఆ నల్లటి చుక్కలు మట్టిలో ఇరవై ఏళ్ళు దాటి కూడా బతికి ఉండగలవు. ఊరికే ఉంటాయి, ఏమీ చేయవు. ఉల్లి జాతి వేళ్ళ నుంచి వచ్చే వాసన తగిలినప్పుడే లేస్తాయి. ఇంటి తోటలో దానికి మందు లేదు. ఆ మడిలో నేను ఉల్లి, వెల్లుల్లి మానేసి అప్పటినుంచీ వేరేవి వేసుకుంటున్నాను. ఆ మట్టి అంటిన చెప్పులు, పార కడగకుండా ఇంకో మడిలోకి తీసుకెళ్ళను.

అన్నిటికన్నా బాధపెట్టింది ఇది కాదు. ఆ మడికి అవతలి చివర పాతిక మొక్కలు శుభ్రంగా ఉన్నాయి, ఆకులు నిగనిగలాడుతూ, నేను పుల్లలు గుచ్చినవి. వాటి పాయలు ఇంత లావున వచ్చాయి. ఒక్కటి కూడా విత్తనానికి ఉంచలేదు. తెల్లకుళ్ళు ఒక్క మొక్కకి కనిపించినా ఆ మడిలో పండిందంతా తినడానికే, నాటడానికి కాదు, ఇంకొకరికి నాటమని ఇవ్వడానికి అసలే కాదు. కుళ్ళినవాటిని, వాటి ఆకుల్ని ఎరువు గుంటలో కూడా వేయలేదు. ఒక్క పాయ మాత్రం, గుర్తుపట్టడం నేర్పడానికి, బాగా ఎండబెట్టి దీంట్లో పెట్టి మూత చుట్టూ మైనం పోశాను.

సీసా ముందు వరుస నుంచి చేతులు మారుతూ వెనక్కి వెళ్తుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే వేళ్ళ బిళ్ళ దగ్గర నల్ల చుక్కలు కనిపిస్తాయి. ఆఖరున ఎవరి దగ్గరకి చేరితే వాళ్ళు మళ్ళీ నాకే తెచ్చివ్వండి.